నిలువని సేవ

1965వ సంవత్సరమున అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమందు, సకసన్నా అను ఊర, బెల్ సంస్థవారు నంబర్ వన్ ఈఎస్ఎస్ అను ఎలక్ట్రానిక్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిని నెలకొల్పినప్పుడు, 40 సంవత్సరముల కాలములో మొత్తముమీద 2 గంటలకు మించి సేవ స్తంభింపరాదని లక్ష్యము నిర్ణయించుకొనిరి. నేడు సొంత సర్వరు నడుపుకొనువారు డౌన్‌టైము లేని అప్‌గ్రేడును కోరుచున్నారన్న, ఆ కోరికకు మూలము టెలిఫోను ఇంజనీర్ల ఈ పట్టుదలయే యని నా విశ్వాసము. ఏలయన, అర్ధరాత్రివేళ వైద్యునికై ఫోను చేయువానికి ఎక్స్ఛేంజిలో మరమ్మతు జరుగుచున్నదనుట సమాధానము కానేరదు.

స్వీడను దేశపు ఎరిక్‌సన్ ప్రయోగశాలయందు 1980ల ఉత్తరార్ధమున జో ఆర్మ్‌స్ట్రాంగ్, రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ రూపొందించిన ఎర్లాంగ్ భాష ఈ లక్ష్యమును ప్రోగ్రాము రచనలోనికే తెచ్చెను. అందు ఒక మాడ్యూలుకు పాత, కొత్త రూపములు రెండును ఏకకాలమున మెమరీలో నిలువగలవు. పాతదానిలో నడచుచున్న పని దానియందే సాగుచుండగా, కొత్తగా వచ్చు పిలుపులు కొత్తదానిని చేరును. మూడవ రూపము వచ్చులోపల మొదటిది తొలగవలసినదే.

వెబ్ సర్వర్లలో ఇదే భావము మిక్కిలి సుందరముగా ఫలించినది ఎన్‌జిన్‌ఎక్స్‌నందు. మాస్కోలోని రాంబ్లర్ సంస్థలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటరుగా నుండిన ఇగోర్ సిసోయెవ్ 2002లో ప్రారంభించి 2004లో లోకమునకిచ్చిన ఈ సాఫ్ట్‌వేరునందు, కొత్త ప్రోగ్రాము ఫైలును పాతదాని స్థానమున నుంచి, నడచుచున్న మాస్టర్ ప్రాసెసునకు యూఎస్ఆర్2 అను సిగ్నలు పంపినచో, అది కొత్త మాస్టరును తానే పుట్టించి, కనెక్షన్లు స్వీకరించుటకు తెరచియుంచిన సాకెట్లను దానికి వారసత్వముగా నొసగును. కొంతసేపు ఇరువురును ఒకే ద్వారముకడ నిలిచి అతిథుల నాహ్వానింతురు. తరువాత పాత మాస్టరునకు విన్చ్ అను సిగ్నలు అందగానే, దాని క్రింద కనెక్షన్లను చూచుకొను పాత వర్కర్ ప్రాసెసులు కొత్త కనెక్షన్లు మాని, చేతనున్న పని ముగించుకొని నిష్క్రమించును. అయినను పాత మాస్టరు సాకెట్లు మూయక నిలిచియేయుండును! కొత్తది తడబడిన, పాతదానికి హప్ సిగ్నలు పంపిన చాలును, దాని వర్కర్లు మరల లేచును. అంతయు సవ్యమని తేలిన పిదపనే క్విట్ సిగ్నలుతో దానికి వీడ్కోలు. ముందడుగు కంటె, ఈ వెనుకడుగునకు దారి యుంచుటయే సిసోయెవ్ ప్రజ్ఞకు గీటురాయి యని నేను తలంతును.

డేటాబేసు విషయము ఇంతకంటె కఠినము. పట్టికల స్వరూపమును హఠాత్తుగా మార్చిన, ఇంకను నడచుచున్న పాత ప్రోగ్రాము దానిని చదువజాలదు. కావున పట్టికలో కొత్త నిలువు వరుసను (కాలమ్‌ను) ముందు చేర్చి, రెండు రూపములకును పనికివచ్చునట్లు కొంతకాలముంచి, పాతదానిని పిమ్మట తొలగింతురు.

సొంత సర్వరును పోషించుకొను మిత్రులారా, ఆ క్విట్ సిగ్నలు పంపుటకు ముందు ఎర్రర్ లాగును ఒకపరి పరికింపుడు. పాత ప్రోగ్రాము ఫైలు ప్రతిని ఆ దినమే చెరిపివేయకుడు.