హోష్‌రుబా ఉత్తర సంపుటములు – పాఠకుల పక్షభేదము

చార్మినారు వెలసిన 1591వ సంవత్సరమునకుఁ బిమ్మట నిరువదియొక్క వత్సరములకు, అనఁగా 1612లో, హమదాను పురవాసి యగు హాజీ యను కథకుఁ డొకఁడు హైదరాబాదు నగరమునకు వచ్చెను. కథలు వినిపించుటయే యాతని వృత్తి. కనుకనే ‘కిస్సాఖ్వాన్’ అను పేరు కలిగెను. గోలకొండ కొలువు నాశ్రయించి యాతఁడు మఱుసటి యేఁట ‘జుబ్దతుర్రుమూజ్’ అను పారసీక గ్రంథమును రచించెను. రహస్యముల సారమని యా పేరున కర్థము. అందలి వస్తువు అమీర్ హమ్జా కథ.

ఆ గ్రంథకర్త తాను వ్రాయు కథ యెట్లు పుట్టెనో చెప్పఁబూని రెండు విధములఁ జెప్పియున్నాఁడు. హమ్జా మరణానంతరము ప్రవక్త సమీపమున నివసించు స్త్రీలు ఆ వీరుని పరాక్రమమును బ్రశంసించుచుండఁగా నవియే కథలై, మసూద్ మక్కీ యనువానిచే మొదట గ్రంథస్థము లయ్యెనని యొకటి. మెదడు జ్వరముతో బాధపడు అబ్బాసీ ఖలీఫా యొకనికి స్వస్థత చేకూర్చుటకై కొలువులోని ప్రాజ్ఞులు కల్పించిరని రెండవది. ఈ రెండును బరస్పర విరుద్ధములు. కథకు మూలపురుషుఁ డెవఁడో నిర్ణయింపలేని స్థితి నాఁటికే యేర్పడినదన్నమాట. ఈ సంగతి నిచ్చట ముందుగాఁ జెప్పుటకుఁ గారణము కలదు. దాదాపు మూఁడు శతాబ్దుల పిమ్మట ఈ కథయొక్క కడపటి సంపుటములను గూర్చి యుర్దూ పాఠకులలోఁ బుట్టిన వివాదమునకు మూలకర్తృత్వ ప్రశ్నయే ప్రాణము.

హమ్జా ప్రవక్త మహమ్మదునకుఁ బినతండ్రి, చారిత్రక పురుషుఁడు. కాని విక్రమార్కుని పేరు చుట్టును భేతాళకథ లల్లుకొనినట్లు, ఈ వీరుని పేరు చుట్టును రాక్షసులు, మాయావులు, గంధర్వలోకములు నల్లుకొని చరిత్రతో సంబంధము లేని మహాకథ పెరిగినది. అక్బరు చక్రవర్తి దీనికి సుమారు పదునాలుగు వందల చిత్తరువులు వ్రాయించెను. 1801లో కలకత్తా ఫోర్టు విలియం కళాశాల కొఱకు ఖలీల్ అలీఖాన్ అష్క్ దీని నుర్దూ వచనమునఁ గూర్చెను. 1855లో గాలిబ్ లఖ్నవీ వేఱొక కూర్పును బ్రకటించెను. 1871లో లక్నో నగరమందలి నవల్ కిశోర్ ముద్రణాలయము అబ్దుల్లా బిల్‌గ్రామీ సంస్కరించిన కూర్పును వెలువరించెను. ఇవి యన్నియు నొక్కొక్క సంపుటమున నిమిడిన సంగ్రహములే.

పిమ్మట నవల్ కిశోర్ ముద్రణాలయ మొక మహాప్రయత్నమునకుఁ బూనుకొనెను. లక్నోలోఁ బ్రసిద్ధులగు కథకులను గొలువునఁ బెట్టుకొని, వారు సభలలోఁ జెప్పు కథను విస్తారముగా వ్రాయించి ముద్రింప సాగెను. కడకు 46 సంపుటము లయ్యెను. ఒక్కొక్కటి సగటున 900 పుటలు. ప్రపంచ వాఙ్మయమునందలి కథాచక్రములలో నింత దీర్ఘమైనది వేఱొకటి యున్నదని చెప్పుట కష్టము. వీనిలో ముందుగా వెలువడినది ‘తిలిస్మె హోష్‌రుబా’. కథాక్రమమున నిది యైదవ దఫ్తరు, ముద్రణక్రమమున మొదటిది. కథకు నడిమిభాగమైనది పాఠకులకు మొదలైనది. పూర్వకథ లా తరువాత వచ్చినవి.

‘తిలిస్మ’ యనఁగా మాయానిర్మితమైన ప్రదేశము. భారతమునందలి మయసభ యొక దేశమంత విస్తరించిన నెట్లుండునో యట్టిది. హోష్‌రుబాకు మాయావుల చక్రవర్తి యగు అఫ్రాసియాబు ప్రభువు. ప్రతి తిలిస్మమును భేదించుటకు విధినియతుఁడైన వీరుఁ డొకఁ డుండును. దానిని భేదించు నుపాయము తెలుపు ఫలక మొకటి యుండును. హమ్జా మనుమఁడు అసదు హోష్‌రుబాను జయింపఁ బోవును. మాఱువేషముల మేటి యగు అమర్ అయ్యారు, ఎంత వేసినను నిండని ‘జంబీల్’ అను తన సంచితో, బలముకంటె యుక్తితోనే మాయావులను బరిమార్చుచుండును. నాయకుఁడు అసదైనను పాఠకులకుఁ బ్రియుఁడు అమరే.

మొదటి నాలుగు సంపుటములను ముహమ్మద్ హుసేన్ జాహ్ రచించెను. అవి 1883 మొదలు 1890 వఱకు వెలువడినవి. అనంతరము జాహ్‌కును ముద్రణాలయాధిపతికిని భేదము వచ్చి, జాహ్ ముద్రణాలయమును వీడెను. అఫ్రాసియాబు చావలేదు, తిలిస్మము భగ్నము కాలేదు. మిగిలిన కథ అహ్మద్ హుసేన్ కమర్ చేతికి వచ్చెను. అయిదు, ఆఱు, ఏడు సంపుటములను గమర్ వ్రాసి హోష్‌రుబాను ముగించెను. అంతటితో నిలువక ‘బకియా’, అనఁగా మిగులు, అను పేర మఱి కొంత చేర్చెను. మొత్తము చక్రములోఁ గమర్ వ్రాసినవి 19. తసద్దుక్ హుసేన్ వ్రాసినవి 19. ఈ మహాకార్యము 1905 ప్రాంతమునకు ముగిసినది.

హైదరాబాదున కీ కాలము మిక్కిలి ముఖ్యమైనది. 1884 ప్రాంతమున రాజ్యవ్యవహారములలోఁ బారసీకము స్థానము నుర్దూ యాక్రమించినది. 1891లో ఆసఫియా గ్రంథాలయము నెలకొన్నది. లక్నో, ఢిల్లీ నగరముల పండితులును గవులును నిచ్చటికిఁ దరలి రాసాగిరి. వారిలో రతన్‌నాథ్ సర్షార్ ఒకఁడు. ‘ఫసానయె ఆజాద్’ అను నాతని సుదీర్ఘకథ మొదట నవల్ కిశోర్ వారి ‘అవధ్ అఖ్బార్’ పత్రికలోనే తఱుగ తఱుగ వెలువడినది. హోష్‌రుబా సంపుటములు ముద్రితమైన యింటనే పెరిగిన రచయిత యాతఁడు. సెర్వాంటీస్ రచించిన డాన్ క్విక్సోటు కథ నుర్దూలోనికిఁ దెచ్చినవాఁడు నాతఁడే. అద్భుతవీరకథలను జదివి మతి చలించినవాని కథ యది. 1895లో సర్షార్ హైదరాబాదు చేరి, తరువాతఁ బ్రధానమంత్రి యైన మహారాజా కిషన్ ప్రసాదు నాశ్రయమున నుండి, 1903లో నిచ్చటనే మరణించెను. కిషన్ ప్రసాదు దేవిడీ పాతబస్తీలో షాఅలీబండ యొద్ద నుండెను. ఆ విధముగా, 1612లో హమ్జా కథ కొలువుకెక్కిన నగరముననే, మూఁడు శతాబ్దులకుఁ బిమ్మట, పాతకథకును గ్రొత్త నవలకును సంధికాలమున నిలిచిన యొక రచయిత తన కడపటి దినములు గడపెను.

ఇఁక వివాదము. జాహ్ పక్షమువారి వాదము స్పష్టమైనది. వాక్యము నలంకరించుటయందును, వర్ణనమున బిగువు చెడకుండ హాస్యమును గలుపుటయందును జాహ్ అద్వితీయుఁడనియు, కమర్ వచ్చిన పిదప భాష చప్పబడినదనియు, యుద్ధముపై యుద్ధము, మాయపై మాయ పేర్చుటచేఁ గథ బరువెక్కినదనియు వా రందురు. కమర్ తన సంపుటములలోఁ దన నేర్పును జాహ్ నేర్పుకంటె మిన్నగాఁ జెప్పుకొనుట వారి కోపమునకు మఱియొక హేతువు. నేఁటికిని జాహ్ రచించిన నాలుగు సంపుటములే యీ చక్రమునకు హృదయమని తలఁచువారు పెక్కండ్రు.

కమర్ పక్షమువారు వేఱొక విధముగాఁ జెప్పుదురు. కథ నారంభించుట సులభము, పరస్పరము చిక్కువడిన వందలకొలఁది పాత్రలను గడతేర్చుట కష్టమని వారి మొదటి మాట. తిలిస్మముల కల్పనయందుఁ గమర్ జాహ్‌కుఁ దీసిపోఁడనియు, పలుచోట్ల మించెననియు రెండవది. పాఠకుఁడు జాహ్ కంఠమునకు మరగి, క్రొత్త కంఠమును వినకయే తిరస్కరించుచున్నాఁడని మూఁడవది.

ఈ రెండు పక్షముల వెనుక రెండు వేర్వేఱు కథాధర్మము లున్నవి. దాస్తాన్ మొదట చదువునది కాదు, వినునది. అబ్దుల్ హలీం షరర్ లక్నో నగర వైభవమును వర్ణించుచు, దాస్తానునకు యుద్ధము, సభ, సౌందర్య ప్రణయములు, అయ్యారుల మాయోపాయములు అను నాలుగంగములు చెప్పెను. ఈ నాలుగింటిలో ముగింపు అనునది యొక యంగము కాదు. పైపెచ్చు కథను ముందునకు నడపకుండ నిలిపియుంచుట కథకుని యుత్తమ నైపుణ్యముగా నెన్నఁబడెను. హరికథకుఁ డొక్క ఘట్టమును రాత్రి తెల్లవాఱులు సాగించినను శ్రోతలు విసుగు చెందరు గదా. వినువాఁడు నాఁటి రాత్రి రసమును గోరును; చదువువాఁడు పుట త్రిప్పుచు, తరువాత నేమయ్యెనని యడుగును. 900 పుటల సంపుటమును ముంగిట నుంచుకొని యొంటిగాఁ జదువువానికి, సభలో శోభించిన పునరుక్తి దోషమై కనఁబడును. కమర్ కాలమునాటికి ఉర్దూలో నవల తలయెత్తినది; పాఠకుని కొలబద్ద మాఱినది. జాహ్ సంపుటములును నా కొలబద్దకు లొంగవు. కాని యతని భాషాసౌందర్య మా లోపమును గప్పినది. కమర్‌కు నట్టి కప్పు చాలలేదు.

తెలుఁగు పండితుల కిట్టి చర్చ క్రొత్తది కాదు. నన్నయ యరణ్యపర్వమున విడిచిన భారతమును దిక్కన విరాటపర్వము మొదలుకొని పూర్తిచేసెను. నడుమ మిగిలిన యరణ్యపర్వ శేషమును బిమ్మట నెఱ్ఱన పూరించెను. ఎఱ్ఱన తన పూరణమును నన్నయ రచనయే యన్నట్లు రాజరాజనరేంద్రుని పేర నుంచి, తాను వెనుకకుఁ దగ్గెను. పోతన భాగవతమునఁ బంచమస్కంధమును గంగనయు, షష్ఠమును సింగనయు, ఏకాదశ ద్వాదశములను నారయయుఁ బూరించిరి. సంస్కృతమున బాణుని కాదంబరిని గుమారుఁడు ముగించెను. వీనినిఁ జదువునపుడు మొదటి కవికిఁ బట్టము గట్టి, పూరకుని నాతని తూనికతోఁ దూఁచుట వాడుక. ఎఱ్ఱన వినయమునకు దొరకిన మన్నన కమర్ ప్రగల్భమునకు దొరకకపోవుట సహజము.

అయినను నీ సామ్యమున కొక హద్దు కలదు. భారత భాగవతములకు సంస్కృతమూలము కలదు. నన్నయకుఁ దిక్కనకు నెఱ్ఱనకు వ్యాసుఁ డొక్కఁడే మేర. హోష్‌రుబాకు వ్యాసుఁడు లేఁడు. కథకుల పరంపర దీనిని మీర్ అహ్మద్ అలీ మొదలగు పూర్వకథకుల కల్పనగాఁ జెప్పును. అట్లయినచో జాహ్ సైతము పరంపరాగతమైన కథను దన కంఠమునఁ జెప్పినవాఁడే కాని యాదికర్త కాఁడు. 1613లో హైదరాబాదున గ్రంథము వ్రాసిన హాజీయే కథామూలమును రెండు విధములఁ జెప్పవలసి వచ్చినపుడు, లక్నో కథకులలో నెవ్వఁడు మూలకర్త, ఎవ్వఁడు పూరకుఁడు? ఈ కథకు సంబంధించినంతవఱకుఁ బ్రతి సంపుటమును నుత్తర సంపుటమే. జాహ్ నాలుగు సంపుటములు ముందు అచ్చుపడుటచేతనే మూలమను గౌరవము వానికిఁ గలిగినది.

ఈ భేదమును గుర్తింపకపోవుటవలన నష్టము వాటిల్లినది. 1944లో కలీముద్దీన్ అహ్మద్ దాస్తానుకళను గూర్చియు, 1954లో జ్ఞాన్‌చంద్ జైన్ ఉర్దూ వచన దాస్తానులను గూర్చియు గ్రంథములు వెలువరించి యీ వాఙ్మయమును విమర్శకుల దృష్టికిఁ దెచ్చిరి. కాని సాధారణ పాఠకుని యాదరము హోష్‌రుబాతోనే, అందును దొలి సంపుటములతోనే, యాగిపోయినది. 1988లో పాట్నా ఖుదాబఖ్ష్ గ్రంథాలయము హోష్‌రుబాను బునర్ముద్రించెను. మిగిలిన దఫ్తరుల ప్రాఁతప్రతులు మాత్రము దుర్లభము లయ్యెను. షంసుర్రహ్మాన్ ఫారూఖీ (1935–2020) యనేక సంవత్సరములు శ్రమించి 46 సంపుటములను సేకరించి, ‘సాహిరీ, షాహీ, సాహిబ్‌కిరానీ’ యను బృహద్గ్రంథమున నీ చక్రమంతయు నొక్కటిగాఁ బరిశీలించెను. దాస్తానును నవల కొలబద్దతోఁ గొలువరాదనియు, వినికిడికళగా నెంచి దాని ధర్మముతోనే చూడవలెననియు నాతని సిద్ధాంతము. ఢిల్లీ దాస్తానుకథకులలోఁ గడపటివాఁడుగాఁ బేరొందిన మీర్ బాకర్ అలీ 1928లో మరణించెను. 2005లో ఢిల్లీయందు మహమూద్ ఫారూఖీ ప్రభృతు లా కళను మరల వేదిక కెక్కించినపుడు సభాసదులు విని యానందించుట, పై సిద్ధాంతమునకు బలమైన సాక్ష్యము.

కావున నీ వివాదమున రెండు తీర్పులను వేర్వేఱుగాఁ జెప్పుట న్యాయము. వాక్యశిల్పమున జాహ్ మేటి యనుట కభ్యంతర మక్కఱలేదు. కాని దానినుండి కమర్ సంపుటములు కథాభ్రష్టములని సిద్ధాంతీకరించుట తగదు. అది వినవలసినదానిని జదివి, మూలము లేనిదానికి మూలము గల్పించి చెప్పిన తీర్పగును. తగ్గురకమని యొక తరము త్రోసివేసిన గ్రంథము మఱుతరమునకు దొరకకుండఁ బోవు ననుటకు ఈ 46 సంపుటముల చరిత్రయే నిదర్శనము. మన పూర్వులు గంగన సింగనల స్కంధములు పోతన పద్యములకు సాటి రావని యెఱిఁగియు, వానిని భాగవతమునుండి తొలఁగింపక కాపాడిరి. కనుకనే నేఁడు వాని గుణదోషములను దర్కించుట సాధ్యమగుచున్నది. ఉత్తర సంపుటములయెడఁ బండితులకుఁ దగిన మొదటి కర్తవ్య మట్టి రక్షణమే. తారతమ్యనిర్ణయము దాని తరువాతిది.