రూట్ ఖాతా అప్రమేయ షెల్

యూనిక్స్‌లోను, దానిని పోలిన లినక్స్, ఫ్రీబీఎస్‌డీ వంటి నిర్వహణ వ్యవస్థలలోను సిస్టం నిర్వాహకుని ఖాతాను రూట్ అంటారు. ఆ ఖాతాతో ప్రవేశించగానే ఆదేశాలను స్వీకరించే ప్రోగ్రామే రూట్ ఖాతా అప్రమేయ షెల్. సాధారణ వాడుకరి షెల్ చెడిపోతే రూట్ సరిచేయగలడు. రూట్ షెల్ చెడిపోతే సరిచేయుటకు పైవాడు లేడు. కనుక ఈ ఎంపికలో సౌకర్యం కంటే నమ్మకం ముఖ్యం.

నమోదు

ఈటీసీ డైరెక్టరీలోని పాస్‌డబ్ల్యూడీ అనే ఫైలులో ఒక్కొక్క ఖాతాకు ఒక్కొక్క వరుస ఉంటుంది. వరుసలో కోలన్ గుర్తులతో వేరుచేసిన ఏడు గడులు కలవు. షెల్ ఉన్న చోటు ఏడవ గడిలో ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే బిన్ డైరెక్టరీలోని ఎస్‌హెచ్ షెల్ నడుస్తుంది.

ఈ గడిని మార్చినంత మాత్రాన వ్యవస్థలోని స్క్రిప్టులు మారవు. ఏ షెల్‌తో నడవాలో స్క్రిప్టు తన మొదటి వరుసలోనే చెప్పుకుంటుంది. 2006లో ఉబుంటు 6.10 ఎస్‌హెచ్ స్థానంలో డాష్‌ను పెట్టినప్పటికీ వాడుకరుల లాగిన్ షెల్‌గా బాష్‌నే ఉంచింది. ఈ రెండింటినీ ఒకటిగా భావించుట విద్యార్థులలో తరచు కనిపించే పొరపాటు.

చరిత్ర

స్టీఫెన్ బోర్న్ రచించిన షెల్ 1979లో యూనిక్స్ ఏడవ కూర్పుతో వెలువడినది. బర్క్‌లీలో బిల్ జాయ్ సీ షెల్‌ను రూపొందించాడు. బ్రయాన్ ఫాక్స్ గ్నూ ప్రాజెక్టు కొరకు వ్రాసిన బాష్ 1989లో విడుదలైనది. లినక్స్ పంపిణీలలో అధికభాగం రూట్‌కు బాష్‌నే ఇస్తాయి. ఫ్రీబీఎస్‌డీ చిరకాలం సీ షెల్‌ను ఇచ్చి, 2023లో వచ్చిన 14.0 కూర్పులో ఎస్‌హెచ్‌కు మారినది. మాక్ ఓఎస్ 2019 నుండి కొత్త వాడుకరులకు జెడ్‌షెల్ ఇస్తున్నా, రూట్‌కు ఎస్‌హెచ్‌నే ఉంచినది.

ప్రమాదాలు

ఫ్రీబీఎస్‌డీలో బాష్ మూల వ్యవస్థలో భాగం కాదు, విడిగా స్థాపించుకోవాలి. అది యూఎస్‌ఆర్ డైరెక్టరీ క్రింద ఉంటుంది, ఇతర లైబ్రరీలపై ఆధారపడుతుంది. నవీకరణ మధ్యలో ఆగి ఒక లైబ్రరీ పోయినా, యూఎస్‌ఆర్ ఉన్న డిస్కు భాగం అనుసంధానం కాకపోయినా బాష్ లేవదు. అప్పుడు సంకేతపదం సరిగా ఇచ్చినా రూట్‌కు ప్రవేశం దొరకదు.

ఇది పుస్తకాలకే పరిమితమైన భయం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు విద్యుత్ స్తంభాలూ కూలి, అనేక గ్రామాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నవి. అటువంటి వేళ, సక్రమంగా ఆపకుండానే కరెంటు పోయిన సర్వరు తిరిగి లేచునప్పుడు ఫైల్ వ్యవస్థను తనిఖీ చేసుకుంటుంది. దోషం తనంతట సర్దుకోకపోతే ఏకవాడుకరి స్థితిలో ఆగి నిర్వాహకుని కొరకు వేచి ఉంటుంది. ఇక్కడ ఫ్రీబీఎస్‌డీ ఏ షెల్ కావాలో అడిగి, ఎంటర్ నొక్కితే ఎస్‌హెచ్ ఇస్తుంది. లినక్స్‌లో ఎస్‌యూలాగిన్ అనే ప్రోగ్రాము ముందు రూట్ షెల్‌ను ప్రయత్నించి, అది విఫలమైతే ఎస్‌హెచ్‌ను ఆశ్రయిస్తుంది. టెక్కలి వంటి పట్టణంలో ఏకైక నిర్వాహకుడున్న కార్యాలయానికి ఈ ఏర్పాటు విలువ ఎక్కువ.

మరొక చిక్కు దూరపు ఆదేశాలది. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా పంపిన ఆదేశాన్ని ఆ ఖాతా లాగిన్ షెల్ నడుపుతుంది. దోష సందేశాలను మళ్ళించే బోర్న్ పద్ధతి సీ షెల్‌కు తెలియదు. షెల్ మార్చిన నాటి నుండి రాత్రిపూట జరిగే బ్యాకప్ నిశ్శబ్దంగా ఆగిపోవచ్చును. పాత ప్రతి అవసరమైన రోజున గాని అది బయటపడదు.

ప్రత్యామ్నాయాలు

బీఎస్‌డీ సంప్రదాయంలో టూర్ అనే రెండవ ఖాతా కలదు. రూట్ అనే ఆంగ్లపదాన్ని వెనుక నుండి చదివితే వచ్చే చమత్కారపు పేరిది. దాని వాడుకరి సంఖ్య కూడా సున్నాయే కనుక అధికారాలు సమానం. ఇష్టమైన షెల్‌ను టూర్‌కు ఇచ్చి రూట్‌ను ముట్టుకోకుండా ఉంచవచ్చును. అంతకంటే సులువైనది, రూట్‌గా ప్రవేశించిన తరువాత బాష్ అని టైపు చేయుట.

మార్చక తప్పనప్పుడు సీహెచ్‌ఎస్‌హెచ్ ఆదేశాన్ని వాడతారు. కొత్త షెల్ పేరు ఈటీసీలోని షెల్స్ అనే ఫైలులో ఉండాలి. ఉన్న సెషన్‌ను మూయకుండా మరొక టెర్మినల్ నుండి రూట్‌గా ప్రవేశించి చూచుట అత్యవసరం. అక్షరదోషం దొర్లినా మొదటి సెషన్ నుండి దిద్దుకొనవచ్చును. సెషన్ మూసివేసి ఉంటే సూడో దారి మిగిలి ఉంటుంది. సూడోతో నేరుగా ఇచ్చిన ఆదేశానికి రూట్ షెల్‌తో పని లేదు. ఐ ఐచ్ఛికాన్ని చేర్చినప్పుడు మాత్రం ఆ షెల్‌నే తెరుస్తుంది.