చిన్ననాటి రుచులు

మనుష్యుని తొలిరుచులు అతడు కోరి తెచ్చుకొన్నవి కావు. తల్లి పెట్టిన ముద్దయు, ఇంటి వంటయు, కులాచారమును అతని నాలుకను దిద్దును. కావున ఆ యలవాట్లకు బిడ్డను నిందించుట న్యాయము కాదు. అయినను, తెలివి వచ్చిన పిదపకూడ పెంపకముపై నెపము వేయుట తగునా? గాంధీ మహాత్ముని యౌవనచరిత్ర ఈ ప్రశ్నకు చక్కని సమాధానము.

ఆయన 1869లో పోరుబందరున వైష్ణవ కుటుంబమునందు జనించెను. శాకాహారము ఆయనకు ఇంటి యాచారము. ఆ యాచారమెంత బలహీనమో రాజకోటలోనే తేలెను. మాంసబలముచేతనే ఆంగ్లేయులు మనల నేలుచున్నారని నమ్మి, ఒక మిత్రుని ప్రోత్సాహమున ఆయన రహస్యముగా కొన్ని పర్యాయములు మాంసము తినెను. తల్లిదండ్రులయెదుట అబద్ధమాడలేక మానెను. వారి యనంతరము బాహాటముగా తినవచ్చునని తలంచెను. 1888లో సీమకు పోవునపుడు తల్లి పుత్లీబాయికి మాట యిచ్చెను. లండనులో ఉడికించిన చప్పని కూరలు సహింపక, అర్ధాకలితో నుండియు, ఆ మాటకొఱకే నిలిచెను.

పిమ్మట ఫారింగ్డను వీధిలోని శాకాహారశాలలో హెన్రీ సాల్టు రచించిన చిన్న పుస్తకమును కొని చదివెను. నాటినుండి శాకాహారము ఆయన సొంత నిర్ణయమయ్యెను. నిర్ణయము వెంట నాలుకయు నడచెను. ఇంటినుండి తెప్పించుకొన్న మిఠాయిలను, మసాలాలను మానెను. రిచ్మండులో రుచింపని పాలకూరయే ఇప్పుడు ఇష్టమయ్యెను. రుచికి నిజమైన స్థానము మనస్సేయని ఆయన గ్రహించెను.

తరువాత దక్షిణాఫ్రికాలో, రోగగ్రస్తయైన కస్తూరిబాను ఉప్పు, పప్పు మానుమని ఆయన కోరెను. ఎవరైన చెప్పినచో మీరును మానలేరని ఆమె బదులు పలికెను. తక్షణమే, ఒక సంవత్సరము తాను మానెదనని ఆయన పూనుకొనెను. ఆ పథ్యము వైద్యసమ్మతమా యనునది వేఱు మాట. పరుల విస్తరిని దిద్దుటకు ముందు తన విస్తరిని దిద్దుకొనుట ఇందు గ్రహింపదగినది.

పెద్దలకు దినమునకు 5 గ్రాముల లోపు ఉప్పే మేలని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఊరగాయ లేనిదే ముద్ద దిగదని మన మందుము. ఆ రుచి మనకు నేర్పినవారు ప్రేమతోనే నేర్పిరి. దానిని నేడు కొనసాగించుచున్నది మాత్రము మనమే. మన విస్తరిని చూచి మఱియొక చిన్ననాలుక రుచులు నేర్చుకొనుచున్నదని మఱవరాదు.