మూసీకి ఎగువన

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరమున వేలాది ప్రాణములను బలిగొన్నది. మరుసటి యేడు నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించినది. వరదను నగరమునకు ఎగువనే నిలుపవలెనని వారు సూచించిరి. తదనుసారముగా మూసీపై, ప్రజలు గండిపేట చెరువని పిలుచు ఉస్మాన్ సాగరు 1920లోను, ఈసీనదిపై హిమాయత్ సాగరు 1927లోను పూర్తియైనవి. ఊరిని ముంచిన నీరే ఊరికి త్రాగునీరైనది.

అయితే చెరువు గట్టుతో ముగియదు. వాన కురిసిన నేల యెట్టిదో, చెరువు చేరు నీరును అట్టిదే. పచ్చికనేల నీటిని ఇంకించుకొని, మట్టిని ఆపి, మెల్లగా వదలును. డాబాలు, తారుబాటలు నీటిని ఇంకనీయవు. నూనెను, మురికిని కడిగి ఒక్కపెట్టున చెరువులోనికి త్రోయును.

అందుచేతనే 1996 మార్చి 8నాటి 111వ ప్రభుత్వ ఉత్తర్వు, ఆ జలాశయముల చుట్టు 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించినది. 2022 ఏప్రిలులో వెలువడిన 69వ ఉత్తర్వు ఆ ఆంక్షలను తొలగించుచు, నీటి నాణ్యత మాత్రము చెడరాదని శాసించినది.

నేల మారినను నీరు మారకుండవలెనన్నచో, వానకాలువలో మురుగు కలియరాదు. కాలువల యొడ్డున పచ్చనినేల మిగులవలెను. విశ్వేశ్వరయ్యగారు వరదకై ఎగువకు చూచిరి. నీటి శుద్ధికై మనము చూడవలసినదియు అటువైపే.