ఇరవై లక్షల కణాలు, మూడు నెలల ఓపిక

2011 నవంబర్ 14, సోమవారం. ఆ రోజు షేర్ మార్కెట్ మూతపడ్డాక కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్ నుంచి జెరాన్ కంపెనీ ఒక ప్రకటన విడుదల చేసింది. స్టెమ్‌సెల్ (మూలకణ) పనులన్నీ ఆపేస్తున్నాం, 66 మందిని ఇంటికి పంపుతున్నాం, ఇకనుంచి క్యాన్సర్ మందుల మీదే మా ధ్యాస అన్నది దాని సారాంశం. అంటే నూటికి 38 మంది ఉద్యోగులు రోడ్డున పడ్డట్టే. మర్నాడు పొద్దున షేరు రెండు డాలర్ల కిందికి జారింది.

దివాలా తీసిన కంపెనీ అయితే ఇది మామూలు కథే. కానీ జెరాన్ దివాలా తీయలేదు. ఏడాది చివరికి తమ చేతిలో 15 కోట్ల డాలర్లకు పైగా ఉంటాయని ఆ ప్రకటనలోనే చెప్పుకుంది. మందు వికటించలేదు, ఎవరూ చనిపోలేదు, ప్రభుత్వం కాదనలేదు. అన్నీ సవ్యంగా ఉండగా, మనుషుల మీద మానవ పిండ మూలకణాల తొలి ప్రయోగం ఆగిపోయింది. ఇందులో అన్నిటికన్నా బాధపెట్టేది అదే.

వార్ధక్యం గుట్టు విప్పాలని మైకేల్ వెస్ట్ అనే శాస్త్రవేత్త 1990లో పెట్టిన కంపెనీ ఇది. పిండాల మీద పరిశోధనకు అమెరికా ప్రభుత్వం పైసా ఇవ్వని రోజుల్లో విస్కాన్సిన్‌లోని జేమ్స్ థామ్సన్ ల్యాబ్‌కు జెరాన్ డబ్బు పెట్టింది. 1998 నవంబర్‌లో ఆయన మానవ పిండ మూలకణాలను తొలిసారి వేరుచేసి పెంచగలిగాడు. కీలకమైన వాణిజ్య హక్కులు జెరాన్‌కు దక్కాయి. మరుసటి ఏడు, డాలీ గొర్రెపిల్లను పుట్టించిన రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల కంపెనీని కూడా కొనేసింది. 2000 నాటికి షేరు 70 డాలర్లు దాటింది. అమ్మడానికి ఒక్క మందు బిళ్ల కూడా లేని కంపెనీకి ఆ ధర!

తర్వాత ఎలుకల వంతు వచ్చింది. వెన్నుపాము దెబ్బతిన్నప్పుడు నరాలన్నీ తెగిపోవు. చాలా తంతువులు మిగిలే ఉంటాయి గానీ, వాటిని చుట్టి ఉండే మయెలిన్ పొర ఊడిపోవడంతో సంకేతాలు దారిలోనే ఆగిపోతాయి. ఆ పొరను తిరిగి కప్పగలిగే కణాలను మూలకణాల నుంచి తయారుచేసి, గాయమైన వారం రోజులకే ఎక్కిస్తే ఎలుకల నడక బాగుపడిందని ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో హాన్స్ కియర్‌స్టెడ్ బృందం 2005లో చూపించింది. పది నెలలు ఆగి ఎక్కిస్తే మాత్రం ఫలితం లేదు. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లే ఎలుక ఒకవైపు, తడబడుతూనైనా నాలుగు కాళ్ల మీద నడిచే ఎలుక మరోవైపు ఉన్న ఆ వీడియో ఊరూరా తిరిగింది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు దాన్ని ఎలా చూసి ఉంటారో వేరే చెప్పాలా?

అక్కడినుంచి అంతా కాగితాల యుద్ధం. ఆ కణాలను మనుషుల్లో పరీక్షించేందుకు జెరాన్ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి ఇచ్చిన దరఖాస్తు ఇరవై వేల పేజీలు దాటింది. 2008 మేలో ఆపమన్నారు. 2009 జనవరిలో, ఒబామా ప్రమాణ స్వీకారం చేసిన మూడు రోజులకు సరేనన్నారు. షేరు ఎగిసింది. అదే ఏడు ఆగస్టులో, కణాలు ఎక్కించిన జంతువుల్లో గాయం దగ్గర కంటికి కనపడనంత చిన్న తిత్తులు కనిపించాయని మళ్లీ ఆపారు. 2010 జులైకి గానీ చిక్కు వీడలేదు. ఆ రెండేళ్లూ జీతాలు ఆగవు, ల్యాబ్ అద్దె ఆగదు, కణాలను గడ్డకట్టించి ఉంచే ద్రవ నైట్రోజన్ ఖర్చూ ఆగదు.

2010 అక్టోబర్‌లో అట్లాంటాలోని షెపర్డ్ సెంటర్‌లో తొలి రోగికి కణాలు ఎక్కించారు. గాయమైన ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లోపే ఈ పని జరగాలి. దెబ్బ తగిలిన చోటు నుంచి కిందికి కదలిక, స్పర్శ రెండూ పూర్తిగా పోయినవాళ్లనే తీసుకోవాలి. మనిషి ఊపిరి పీల్చినా సూది అదరకూడదని, దాన్ని పట్టుకోవడానికి ఆపరేషన్ బల్లకు బిగించే ప్రత్యేక చట్రం తయారుచేశారు. సర్జన్ మైక్రోస్కోప్‌లో చూస్తూ ఇరవై లక్షల కణాలను వెన్నుపాములోకి దింపుతాడు. ఇరవై లక్షలంటే లెక్కకు ఘనమే గానీ, చూడటానికి ఒక్క చుక్క. ఇరవై ఏళ్ల శ్రమ, కోట్ల డాలర్లు ఆ చుక్కలో ఉన్నాయి.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. తొలి దశ ట్రయల్ అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది ప్రమాదమా, కాదా? అందుకే ఇక్కడ మోతాదు తక్కువ, రోగులు పది మంది దాటరు. కొత్త మనిషికి ఎక్కించేముందు ముందటి మనిషిని గమనించడానికి వారాల తరబడి ఆగాలి. ఈ సంగతి డాక్టర్లకు తెలుసు, రోగులకూ చెప్పి సంతకం పెట్టించుకున్నారు. మార్కెట్‌కు మాత్రం వినే ఓపిక లేదు. దానికి ప్రతి మూడు నెలలకూ ఒక కబురు కావాలి. ‘ఏమీ కాలేదు, అందరూ క్షేమం’ అన్నది వైద్యుడికి శుభవార్తే, మదుపరికి అది వార్తే కాదు.

చిన్న బయోటెక్ కంపెనీ బతుకు ఇంతే. అమ్మకాలుండవు కాబట్టి ఖర్చు కోసం కొత్త షేర్లు జారీ చేస్తూ పోవాలి. జారీ చేసిన కొద్దీ పాత వాటాల విలువ పలచబడుతుంది, ధర తగ్గిన కొద్దీ అంతే సొమ్ముకు ఇంకా ఎక్కువ షేర్లు ఇచ్చుకోవాలి. మందు బిళ్లకైతే ఫార్ములా కుదిరాక ఫ్యాక్టరీ ఉంది, పెద్ద కంపెనీ భాగస్వామిగా వస్తుంది. బతికున్న కణం అలా కాదు. పెంచడం, పరీక్షించడం, గడ్డకట్టించడం, ఆస్పత్రికి చేరాక మళ్లీ బతికించడం, అన్నీ ఖర్చే. పైగా పద్నాలుగు రోజుల గడువులో దొరికే, నిబంధనలకు సరిపడే రోగులు ఎందరుంటారు? జెరాన్ అల్మారాలో గుండె కణాలు, మృదులాస్థి కణాలు, ఇన్సులిన్ తయారుచేసే కణాలు కూడా వరసలో ఉన్నాయి. ఒక్కటీ ఆస్పత్రి గడప తొక్కలేదు.

పదకొండేళ్లకు పైగా కంపెనీని నడిపిన థామస్ ఒకార్మా 2011 ఫిబ్రవరిలో దిగిపోయాడు. మేలో కాలిఫోర్నియా మూలకణ సంస్థ రెండున్నర కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. మూలకణ పరిశోధనకు మూడు వందల కోట్ల డాలర్లు ఇద్దామని 2004లో రాష్ట్ర ప్రజలు ఓటేసి కూడబెట్టిన నిధి అది. సెప్టెంబర్‌లో జాన్ స్కార్లెట్ పగ్గాలు చేపట్టాడు. నవంబర్‌లో అంతా మూసేసి, తీసుకున్నంత మేర అప్పును వడ్డీతో సహా తిరిగిచ్చేశాడు. లెక్క చక్కగా తేలింది.

ఆయన్ను విలన్‌ను చేయడం తేలిక. నాకు మనసొప్పదు. ఉన్న డబ్బుతో రెండు పడవలూ ఒడ్డుకు చేరవని లెక్కేసి ఒకదాన్ని వదిలేశాడు. ఆయన పట్టుకున్న ఇమెటెల్‌స్టాట్ అనే మందు 2024 జూన్‌లో ఎఫ్‌డీఏ అనుమతి పొందింది. ఒక రకం రక్త వ్యాధితో పదే పదే రక్తం ఎక్కించుకోవాల్సి వచ్చేవాళ్లకు ఇప్పుడది అక్కరకొస్తోంది. కాబట్టి మదుపరి కంటితో చూస్తే ఆ రోజు నిర్ణయం తప్పని నేననలేను. కానీ పిండ మూలకణాల నుంచి వచ్చిన కణాలు వెన్నులో మోస్తున్నవాళ్లు ఐదుగురే ఐదుగురు ఆ ట్రయల్‌లో ఉన్నారు. పది మంది దాకా అనుకున్న ప్రయోగం సగంలో తెగింది. తమ ఒళ్లు అప్పగించినవాళ్ల ఓటు ఆ లెక్కలో ఎక్కడా లేదు. నా అభ్యంతరం అది ఒక్కటే.

కథలో మరో మలుపూ ఉంది. పెద్ద కంపెనీ ఏదీ ముందుకు రాకపోతే, 2013లో ఆ గడ్డకట్టిన కణాలను, పేటెంట్లను కొన్నది బయోటైమ్ అనుబంధ సంస్థ ఆస్టీరియాస్. బయోటైమ్ అధిపతి ఎవరో కాదు, జెరాన్‌ను పుట్టించిన మైకేల్ వెస్టే. ఆస్టీరియాస్‌కు సారథి ఒకార్మా. మెడ దగ్గర వెన్ను దెబ్బతిన్న 25 మందికి రెండు కోట్ల కణాల దాకా ఎక్కించి చూశారు. కొందరిలో చేతుల సత్తువ మెరుగుపడిందని చెప్పారు గానీ, పోల్చి చూసేందుకు కణాలు ఎక్కించని రోగుల బృందం అందులో లేదు. 2019లో ఆస్టీరియాస్ కూడా బయోటైమ్‌లో కలిసిపోయింది, బయోటైమ్ పేరు మారి లీనియేజ్ సెల్ థెరప్యూటిక్స్ అయింది. ఇదే వెన్నుపాము గాయానికి మరో రకం కణాలతో ప్రయత్నించిన స్టెమ్‌సెల్స్ ఇన్‌కార్పొరేటెడ్ 2016లో ట్రయల్ మధ్యలో చేతులెత్తేసింది. దాని షేర్ మార్కెట్ చోటును, రోబోలు తయారుచేసే ఒక ఇజ్రాయెల్ కంపెనీ విలీనం పేరుతో వాడుకుంది.

అట్లాంటాలో మొదలైన ఆ ఐదుగురి పదేళ్ల ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. కణాల వల్ల ఏ ఒక్కరికీ తీవ్రమైన హాని జరగలేదు. కాళ్లలో చెప్పుకోదగ్గ కదలికా రాలేదు. మోతాదు పెంచి ఉంటే ఏమయ్యేదన్నది జెరాన్ చూడకుండానే వెళ్లిపోయిన ప్రశ్న. వెన్నుపాము గాయానికి పిండ మూలకణాల నుంచి చేసిన చికిత్స దేనికీ ఎఫ్‌డీఏ అనుమతి ఇంతవరకు రాలేదు.