బేస్ గిటార్ యాంప్లిఫైయర్

నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ దాదాపు 41 హెర్ట్జ్ వద్ద మోగుతుంది. అంత మంద్ర స్వరం గట్టిగా వినిపించాలంటే చాలా గాలి కదలాలి. అందుకే దీనికి మామూలు గిటార్‌కన్నా ఎక్కువ వాట్లు, పెద్ద స్పీకర్ పెట్టె కావాలి. 1969లో అమెరికాలో ఆంపెగ్ సంస్థ తెచ్చిన ఎస్‌వీటీ ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ: 300 వాట్ల వాల్వు యాంప్లిఫైయర్, దాని కింద 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిది బిగించిన పెట్టె. మోత ఘనమే, మోయడమే కష్టం.

పెట్టెలు కలిపేటప్పుడు ఓమ్‌లు చూసుకోవాలి. 8 ఓమ్‌ల పెట్టెలు రెండు సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లవుతాయి. యాంప్లిఫైయర్ కనిష్ఠ పరిమితి అదే అయితే, మూడోది తగిలించగానే అది వేడెక్కి ఆగిపోవచ్చు. వాల్వు యాంప్లిఫైయర్‌ను స్పీకర్ లేకుండా అసలు నడపకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోగలదు.

టోన్ నాబ్‌లన్నీ మధ్యలో ఉంచి మొదలుపెట్టడం మేలు. బేస్ నాబ్ బాగా పెంచితే ఒంటరి సాధనలో చెవికి ఇంపే. డ్రమ్స్ అందుకోగానే ఆ స్వరం బురదలా కలిసిపోతుంది. అప్పుడు పెంచాల్సింది మిడ్. పెట్టెను గది మూలకు నెడితే మంద్రం దానంతటదే పెరుగుతుంది.