గ్రాహకమే ప్రతిజనకమైనప్పుడు: ఫాస్ఫోలైపేజ్ గ్రాహకం, మూత్రపిండ వ్యాధి, తార్నాక ముందున్న పరిశోధన

ఫాస్ఫోలైపేజ్ ఎ2 కణపొరలోని కొవ్వుల నుంచి అరకిడోనిక్ ఆమ్లాన్ని విడదీసే ఎంజైమ్. ప్రోస్టాగ్లాండిన్లు, ల్యూకోట్రయీన్లు ఆ ఆమ్లం నుంచే పుడతాయి. వాపు, నొప్పి, జ్వరాల వెనుక ఉన్నవి అవే. కణం వెలుపలికి స్రవించే ఫాస్ఫోలైపేజ్‌లను పట్టుకునే గ్రాహకం పేరు పిఎల్ఎ2ఆర్. దీని జాడ పాము విషం ద్వారా దొరికింది. ఆస్ట్రేలియా తైపాన్ పాము విషంలోని ఫాస్ఫోలైపేజ్‌లు కుందేలు కండరంలో దేనికి అతుక్కుంటున్నాయని వెతికిన జెరార్ లాంబో బృందం 1990 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో దీన్ని గుర్తించింది.

వాపులో దీని పాత్ర ఒక్క మాటలో తేలేది కాదు. ఈ గ్రాహకం లేని చిట్టెలుకలు బాక్టీరియా ఎండోటాక్సిన్‌ను ఎక్కువగా తట్టుకున్నాయని 1997లో తేలింది. దాన్నిబట్టి ఇది వాపును ఎగదోస్తుందనుకోవాలి. 2013 నాటి ఆస్తమా ప్రయోగంలో మాత్రం గ్రాహకం లేని చిట్టెలుకల ఊపిరితిత్తుల్లోనే వాపు ముదిరింది. ఎంజైమ్‌ను పట్టి తొలగించే పని ఆగిపోవడమే కారణమన్నది దానికి ఇచ్చిన వివరణ.

మూత్రపిండం దగ్గరికి వస్తే కథ వేరు. మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే మూత్రపిండ వ్యాధిలో మూత్రంలో ప్రోటీన్ విపరీతంగా పోతుంది, కాళ్లు పొంగుతాయి. 1959లో హేమన్ ఎలుకల్లో ఇలాంటి వ్యాధినే సృష్టించాడు. అక్కడి ప్రతిజనకం (యాంటీబాడీలు గురిపెట్టే ప్రోటీన్) మెగాలిన్ అని తర్వాత తెలిసింది, కానీ మనిషి మూత్రపిండపు వడపోత కణాలైన పొడోసైట్లలో మెగాలిన్ కనిపించలేదు. అర్ధ శతాబ్దం తర్వాత, 2009లో, బోస్టన్‌లో లారెన్స్ బెక్, డేవిడ్ సాలంట్ బృందం 37 మంది రోగుల్లో 26 మంది రక్తరసంలో పొడోసైట్లపై ఉండే పిఎల్ఎ2ఆర్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలను చూసింది. అవి ఎక్కువగా ఐజిజి4 రకానివి. గ్రాహకంలోని డైసల్ఫైడ్ బంధాలు చెదరకుండా ఉంటేనే అవి దానికి అతుక్కుంటాయి.

బయాప్సీ తీసి చూస్తే మూత్రపిండపు వడపోత గుచ్ఛమైన గ్లోమెరులస్‌లో వాపు కణాలు దాదాపు ఉండవు. వాపుతో ఇంత ముడిపడిన గ్రాహకం, వాపు కణాలు లేని వ్యాధికి కేంద్రం! ఇది నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేసే విషయం. యాంటీబాడీ, గ్రాహకం కలిసిన ముద్దలు వడపోత పొరకు అవతలి వైపు, పొడోసైట్ కింద పేరుకుంటాయి. రక్తంలోని తెల్లకణాలకు అవి అందవు. రక్తంలోని కాంప్లిమెంట్ అనే రక్షక ప్రోటీన్లు మాత్రం అక్కడికి చేరి పొడోసైట్‌ను దెబ్బతీస్తాయి. కాబట్టి ఇక్కడ పిఎల్ఎ2ఆర్‌కు అంటగట్టవలసింది వాపు గ్రాహకంగా దాని పని కాదు, యాంటీబాడీలకు గురి కావడమే. ఈ రెండింటినీ కలిపేసి రాసే సమీక్షలు దారి తప్పిస్తాయని నా నిశ్చితాభిప్రాయం.

ఆ గురి ఎవరిలో ఏర్పడుతుంది? 2011లో ఫ్రెంచి, డచ్చి, బ్రిటిష్ రోగులు 556 మందిపై జరిగిన జన్యు పరిశీలనలో హెచ్ఎల్ఎ-డిక్యూఎ1 (రోగనిరోధక జన్యువు), పిఎల్ఎ2ఆర్1 జన్యువులు బయటపడ్డాయి. రెండింటిలోనూ ప్రమాదకర రూపాలు జంటగా ఉన్నవారికి, అవి లేనివారితో పోలిస్తే, ఈ వ్యాధి వచ్చే ఆడ్స్ నిష్పత్తి 78.5. చండీగఢ్ పరిశోధకులు 2016లో ఈ రెండు జన్యువులనే దక్షిణాసియా రోగుల్లో పరిశీలించారు. తెలుగు జనాభాలోనూ ఆ పని విస్తృతంగా జరగాలి.

అందుకు హైదరాబాద్‌లోని తార్నాక కంటే అనువైన చోటు తక్కువ. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, జాతీయ పోషకాహార సంస్థ, రసాయన సాంకేతిక సంస్థ ఐఐసిటి, కాస్త అవతల హబ్సిగూడలో కణ, అణుజీవశాస్త్ర కేంద్రం సిసిఎంబి పక్కపక్కనే ఉన్నాయి. బెక్ పత్రం వెలువడిన 2009లోనే సిసిఎంబి నుంచి లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్‌తో కలిసి భారతీయుల జన్యు చరిత్రపై పత్రం ప్రచురించారు. కులం లోపలే పెళ్లిళ్లు తరతరాలుగా సాగడం వల్ల కొన్ని సమూహాల్లో అరుదైన జన్యు రూపాలు దట్టంగా చేరాయని ఆ పరంపరలోని 2017 అధ్యయనం మరింత విస్తారంగా చూపింది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పసుపులేటి అనిల్ కుమార్ బృందం 2019లో గ్రోత్ హార్మోన్ పొడోసైట్లలో నాచ్1 సంకేతాన్ని రేపుతుందని చూపింది. అంటే పొడోసైట్‌ను పెంచి పరీక్షించే నైపుణ్యం కూడా నగరంలోనే ఉంది.

ఒక జాగ్రత్త తప్పనిసరి. హెచ్ఎల్ఎ రూపాలు సమూహాన్నిబట్టి మారతాయి. రోగులను ఒక సమూహం నుంచి, ఆరోగ్యవంతులను మరో సమూహం నుంచి తీసుకుంటే కనబడేది వ్యాధి సంబంధం కాదు, కులాల మధ్య తేడా. పోలికకు నిలబెట్టేవారు అదే సమూహం నుంచి, వీలైతే అదే జిల్లా నుంచి రావాలి. పాదరసం కలిసిన నాటు మందులు, చర్మాన్ని తెల్లబరిచే క్రీములు వాడినవారిలో ఎన్ఈఎల్ఎల్1 అనే మరో ప్రతిజనకంతో వచ్చే మెంబ్రేనస్ వ్యాధిని దక్షిణ భారత వైద్యులు ఇటీవల వర్ణించారు. అందువల్ల ప్రతి రోగినీ మందుల చరిత్ర అడగాలి, అవి వాడిన రోగులను వేరుగా లెక్కించాలి.

2021 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, నెఫ్రోటిక్ లక్షణాలు ఉండి రక్తపరీక్షలో పిఎల్ఎ2ఆర్ యాంటీబాడీ తేలితే నిర్ధారణకు బయాప్సీ తప్పనిసరి కాదు. రోగికి ఇది మేలే. అయితే పరిశోధకుడికి కణజాలం తగ్గుతుంది, రక్తరసం విలువ పెరుగుతుంది. చికిత్స ఫలిస్తే యాంటీబాడీ ముందు తగ్గుతుంది, మూత్రంలో ప్రోటీన్ నెలల తర్వాత తగ్గుతుంది. కాబట్టి నిమ్స్, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల నెఫ్రాలజీ విభాగాలు రిటుక్సిమాబ్ గానీ సైక్లోఫాస్ఫమైడ్ గానీ చికిత్సగా మొదలుపెట్టే ముందే, రోగి సమ్మతితో, ఒక గొట్టం రక్తం తీసి భద్రపరచాలి.